ముద్దర నీళ్లు

హిరణి నది కోసం రెండు దేశాలూ కొట్టుకోవడం మానుకున్న రోజున, జంటగట్ల ఆనకట్ట మీద వేసిన షామియానా కింద హైమవతి ఒక గ్లాసుడు నీళ్లు పట్టుకుని నిలబడింది. ఎగువన ఆమె దేశం గిరిసీమ. దిగువన తీరసీమ. ఒకప్పుడు రెండూ ఒకటే, మాట్లాడే భాష ఇప్పటికీ ఒకటే. విడిపోయేటప్పుడు రైళ్లు పంచుకున్నారు, బ్యాంకులు పంచుకున్నారు, చివరికి మ్యూజియంలో రాతి విగ్రహాలు కూడా పంచుకున్నారు. నది మాత్రం పంపకానికి లొంగలేదు. దానికోసం రెండుసార్లు యుద్ధం జరిగింది. రెండో యుద్ధంలో పంపుహౌసు మీద బాంబు పడి, అక్కడ డ్యూటీలో ఉన్న హైమవతి భర్త పోయాడు. కూతురు లాస్యకు అప్పటికి అక్షరాలు కూడా రావు.

ఇద్దరు ప్రధానులూ చూస్తుండగా ఆమె గ్లాసులోంచి ఒక చుక్క తీసి, తను తయారుచేసిన పరికరంలో వేసింది. ఆ నీళ్లు ఏ గేటు దాటి వచ్చాయో, ఏ రోజు దాటాయో వరసగా తెర మీద పడింది. తీరసీమ ప్రధానికి నమ్మకం కుదరలేదు. తన మనిషిని పంపి తమ వైపు కాలువలోంచి ఇంకో గ్లాసు తెప్పించాడు. దాని పుట్టుపూర్వోత్తరాలూ తెర మీద పడ్డాయి. ఆ మధ్యాహ్నమే ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి.

నీళ్లలో ఉన్నది కంటికి కనపడని ఒక నాచు. హైమవతి ఏళ్ల తరబడి దాన్ని పెంచి, మచ్చిక చేసుకుంది. ఈ పరీక్ష కోసం నది పొడుగునా ప్రతి గేటుకూ ముందే ఒక దీపం పెట్టారు. ఏ దీపం మిణుకు దానిదే. ఆ వెలుగు పడగానే నాచు దాన్ని తన కణంలో గుర్తు వేసుకుంటుంది, తనకు పుట్టే కణాలకూ ఆ గుర్తు ఇస్తుంది. మనిషికి గాని, గొడ్డుకు గాని, చేపకు గాని దానివల్ల ఏ హానీ లేదు. ఇక మీదట నీళ్లు మళ్లించుకుని మేం ఎరగం అనడం ఎవరివల్లా కాదు. ఒప్పందం కాగితాల్లో దాని పేరు ముద్ర. కాలువల మీది రైతులు ముద్దర నీళ్లు అన్నారు. జనం నోట ఆ పేరే నిలిచింది.

నది నడుమ లంకలో రెండు దేశాలకూ ఉమ్మడిగా ప్రయోగశాల కట్టారు. గిరిసీమ తరఫున హైమవతిని వేశారు, తీరసీమ తరఫున పైడిరాజు వచ్చాడు. అతను సముద్రం దగ్గరి పల్లెలో రైతు కొడుకు. వైరస్‌ల మీద పెద్ద చదువులే చదివాడు గాని మాటలో ఊరి యాస పోలేదు, పోగొట్టుకోవాలని అతను అనుకోనూ లేదు. మొదటి ఏడాది కాపలా సైనికులు ఎదురుగా ఉంటే తప్ప ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కారు. తర్వాత ఒక వరదకు లంకకు రాకపోకలు తెగిపోయి, ఉన్న బియ్యం ఒకే గిన్నెలో వండుకు తినాల్సి వచ్చింది. అప్పటినుంచి అతను ఆమెను అక్కా అని పిలవసాగాడు. ఊరినుంచి వస్తే ఎండురొయ్యల పొడి తెచ్చేవాడు. లాస్య సెలవులకు లంకకు వచ్చినప్పుడు అతని దగ్గరే ఈత నేర్చుకుంది.

అలా కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత వానలు తప్పాయి. ఒక ఏడు తప్పితే ఓర్చుకున్నారు. మరుసటి ఏడూ తప్పేసరికి తీరసీమలో చివరి ఆయకట్టు వాళ్లు వంతు కాని రోజుల్లో తూములు ఎత్తడం మొదలుపెట్టారు. గిరిసీమలో కొండ దిగువ వాళ్లు నదిలోకి మోటార్లు దించారు. దొంగతనం ఇప్పుడు దాగదు. దాగకపోవడమే కొత్త తగువైంది. వెనకటి రోజుల్లో కాదని బుకాయిస్తే అవతలివాళ్లూ విననట్టు ఊరుకునేవాళ్లు. ఇప్పుడు పోయిన ప్రతి బిందెడు నీళ్లూ టీవీల్లో కనపడుతున్నాయి. రుజువు కళ్లెదుట పెట్టుకుని ఊరుకోవడం ఏ ప్రభుత్వానికైనా పరువు తక్కువ. ఆనకట్టకు రెండువైపులా ఫిరంగులు వచ్చాయి.

అప్పుడు ఒప్పందం అమలు చూసే ఉమ్మడి సంఘంలో గిరిసీమ కమిషనర్ ముకుందం లంకకు వచ్చాడు. మెత్తని మనిషి, ఎవరినీ గద్దించి ఎరగడు. రెండు ప్రభుత్వాలకూ ఒకే ఆలోచన తట్టిందని, ఇన్నేళ్లలో వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం ఇదే మొదటిసారని చెప్పాడు. దొంగిలించిన నీటికి పంట పండకూడదు. అంతే. పండదని తెలిస్తే ఎవడూ దొంగిలించడు, దొంగిలించకపోతే సైన్యంతో పనిలేదు. నీళ్లు ఎటునుంచి వచ్చాయో గుర్తుపెట్టుకోగలిగిన నాచుకు, ఆ మాత్రం కాపలా కాయడం నేర్పలేరా అని అడిగాడు.

హైమవతి కాదంది. మొక్కను చంపే పని తన చేత కాదని గట్టిగానే చెప్పింది. ముకుందం వాదించలేదు. టీ తాగి, కప్పు కింద పెట్టి, లాస్య ఎక్కడ ఉందని అడిగాడు. రెండు దేశాల్లోనూ పద్దెనిమిది నిండిన పిల్లలు సైన్యంలో పనిచెయ్యాలన్నది చట్టం. లాస్య ఆనకట్ట ఎడమగట్టు మీద ఫిరంగి దళంలో ఉంది. ఆ సంగతి అతనికి తెలియక కాదు.

"ఇది కాకపోతే అది, హైమవతి గారూ," అన్నాడతను. "మూడోది ఉంటే మీరే చెప్పండి."

మూడోది ఆమెకు తోచలేదు. పైడిరాజుకూ తోచలేదు. ఇద్దరూ కూర్చుని ఆ పని చేశారు. వంతు ముగిసిన గేటు మీద దీపం ఎర్రగా మారుతుంది. ఆ ఎర్ర వెలుగు పడిన నాచు ఒక రసం ఊరుస్తుంది. అది తగిలితే వరి వేళ్లకు ఉండే సన్నని నూగు మాడిపోతుంది. అంత నీళ్లలోనూ మొక్క దాహంతో చస్తుంది. ప్రయోగశాలలో తొట్ల నిండా ఆకుమడి పోసి చూశారు. ఎర్ర వెలుగు తగిలిన నీళ్లు పెట్టిన తొట్టిలో నారు మూడోనాటికి పసుపు తిరిగి, వారంలో గడ్డిపోచల్లా వాలిపోయింది. పైడిరాజు ఆ నారు పీకి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఈ నాచుకు చావు కూడా మనమే రాసిపెట్టాలక్కా అన్నాడు. అందుకని ఎర్రబడిన నాచు పక్షం తిరిగేలోగా దానంతట అదే చచ్చేట్టు చేశారు. గాజు తొట్లలో అది చెప్పినట్టే చచ్చింది. పొలం బురదలో కూడా చస్తుందో లేదో చూడాలని, ఒక పంటకాలం వ్యవధి కావాలని హైమవతి అడిగింది. నెల ఇచ్చారు. నెల తర్వాత ప్రమాదం లేదన్న పత్రం మీద సంతకం పెట్టమన్నారు. ఆనకట్ట మీద అప్పటికే ఒకసారి కాల్పులు జరిగాయి. ఆమె సంతకం పెట్టింది.

ఆ ఏడు నాచు కావలి బాగా పనిచేసింది. ఎర్ర దీపం నీళ్లు పెట్టుకున్నచోటల్లా చేలు ఎండాయి. వార్త పాకేసరికి తూములు ఎత్తడం, మోటార్లు దించడం ఆగిపోయాయి. ఫిరంగులకు గుడ్డలు కప్పారు. ముకుందం ఫోన్ చేసి అభినందించాడు. రెండు దేశాలూ కలిసి హైమవతికి, పైడిరాజుకు ఒక పతకం ఇస్తామన్నాయి. ఇద్దరూ వెళ్లలేదు.

మరుసటి తొలకరికి పైడిరాజు ఊరినుంచి స్టీలు క్యారేజీ ఒకటి పట్టుకొచ్చాడు. రొయ్యల పొడి కాబోలనుకుంది హైమవతి. మూత తీస్తే నల్లటి బురద.

అది అతని అన్న సింహాచలం పొలంలోది. సింహాచలం నిరుడు ఎర్ర దీపం నీళ్లే పెట్టాడు. ఎండిపోతున్న చేను చూస్తూ ఊరుకోలేకపోయాడట. పంట పోయింది. చేసిన తప్పుకు శిక్ష పడిందని నోరు మూసుకున్నాడు. ఈ ఏడు వంతు నీళ్లే పెట్టి, విత్తనం చల్లాడు. మొలక రాలేదు. మళ్లీ చల్లాడు. మళ్లీ రాలేదు.

ఆ బురదను హైమవతి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. ఎండలో, గాజులో బుద్ధిగా చచ్చిన నాచు, బురద చీకట్లో చావలేదు. ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేని పెంకులు కట్టుకుని నిద్రపోయింది. తడి తగలగానే పెంకు పగలగొట్టుకుని లేస్తోంది. మొదటిసారి తన మీద పడిన ఎర్ర వెలుగును అది మరిచిపోలేదు. మరిచిపోకుండా ఉండడమే ఆమె దానికి ఏళ్ల తరబడి నేర్పిన విద్య.

విరుగుడు లేక కాదు. లంకలో తొట్లకు ఒకసారి తెగులు వచ్చింది. ఒక వైరస్ వల్ల ముద్ర నాచు అంతా రెండు రోజుల్లో కరిగిపోయింది. పైడిరాజు ఆ వైరస్‌ను పట్టి సీసాలో పెట్టాడు. ఇద్దరి తాళాలూ పడితే గాని తెరుచుకోని ఫ్రీజరులో అది ఉంది. నదిలో ఒంపితే పెంకుల్లోకి కూడా దూరి నాచును చంపుతుంది, ఇంకే ప్రాణినీ ముట్టదు. కాని దానికి ఎర్రబడిన నాచు, మంచి నాచు అనే తేడా తెలియదు. కావలితో పాటు ముద్ర కూడా పోతుంది. పోతే మళ్లీ నదిలో పెంచడానికీ ఉండదు, ఎప్పుడు వేసినా ఆ తెగులు తినేస్తుంది. పొలాలు బతకాలంటే ఒప్పందం కళ్లు పీకెయ్యాలి.

ఇద్దరూ తమ తమ ప్రభుత్వాలకు ఉన్నదున్నట్టు చెప్పారు. గిరిసీమ వాళ్లు, చచ్చింది చాలావరకు తీరసీమ భూములే కదా, మనకెందుకు తొందర అన్నారు. తీరసీమ వాళ్లు, చచ్చినవి దొంగల భూములే కదా, వాటికోసం ముద్ర పోగొట్టుకుంటే ఎగువవాడు గేట్లు మూసేసినా అడిగే దిక్కుండదు అన్నారు. విషయం బయట పెడితే దేశద్రోహం కింద లెక్క అని మాత్రం ఇద్దరూ అన్నారు.

తనిఖీ పేరు మీద పర్మిట్ తీసుకుని హైమవతి ఆ పొలం చూడడానికి వెళ్లింది. పైడిరాజు వెంట ఉన్నాడు. కాలువ పొడుగునా పచ్చగా ఉన్న చేలు, చివరికి వచ్చేసరికి మచ్చలు మచ్చలుగా నల్లబడ్డాయి. ఒక పొలంలోంచి మరో పొలంలోకి నీళ్లు పారితే బురద కూడా పారుతుంది. దొంగతనం ఎరగని వాళ్ల మడులు కూడా చచ్చిపోతున్నాయి. ఊరివాళ్లు సింహాచలంతో మాటలు మానేశారు. అతని గట్టు మీదుగా నడవడం మానేశారు. పైడిరాజు పలకరించినా తల తిప్పుకుని పోయారు. ఆ చీడ ఏ కాలువలోంచి వచ్చిందో, ఎవరు తయారుచేశారో వాళ్లకు తెలియదు. తెలిసినదల్లా మొదట చచ్చింది సింహాచలం మడి అని.

సింహాచలం పొలంలో ఉన్నాడు. పారతో పైమట్టి చెక్కి గట్టు అవతల పోస్తున్నాడు. అడుగున బతికున్న మట్టి తగులుతుందని అతని ఆశ. మోకాలి లోతున చెక్కేశాడు. తమ్ముడు పిలిస్తే తలెత్తి చూశాడు గాని పని ఆపలేదు.

ఇంట్లో అతని భార్య గౌరమ్మ పీట వేసి, చెంబుతో నీళ్లు ఇచ్చింది. హైమవతి ఒక్క క్షణం తటపటాయించింది.

"తాగమ్మా, బయ్యం నేదు. మనిసికేటీ అవదు. మట్టికే దీని పగ," అంది గౌరమ్మ.

హైమవతి తాగింది. చెంబు కింద పెట్టాక దాచుకోలేకపోయింది. ఆ నీళ్లలో నాచు తను చేసిందేనని చెప్పింది. పైడిరాజు గుమ్మంలో నిలబడి నేల చూపులు చూశాడు. గౌరమ్మ అరవలేదు, తిట్టలేదు.

"దీనికి ఇరుగుడు నీకు తెల్సా?"

"తెలుసు."

"మరెందుకు తేలేదు?"

హైమవతి ఒప్పందం గురించి చెప్పింది. ముద్ర పోతే మళ్లీ యుద్ధం వస్తుందని, తన భర్త అలాంటి యుద్ధంలోనే పోయాడని, ఇప్పుడు కూతురు ఫిరంగి దగ్గర ఉందని చెప్పింది. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించాయి. గౌరమ్మ అంతా విని లేచింది. మొగుడికి అన్నం పట్టుకెళ్లే వేళయింది.

"మీ పాపకేటీ అవకూడదనుకున్నావు. తప్పు నేదమ్మా," అంది గిన్నెకు గుడ్డ కడుతూ. "నాకూ ఉన్నారు ఇద్దరు."

లంకకు తిరిగి వచ్చాక హైమవతి పని ముట్టలేదు. ఫ్రీజరు తాళంచెవి మెడలో గొలుసుకు ఉంటుంది. చేత్తో దాన్ని తడుముకుంటూ కూర్చునేది. పైడిరాజు తొందరపెట్టలేదు. నిర్ణయం ఇద్దరిదీ కావాలని అతనికీ తెలుసు.

ఆ రోజుల్లోనే లాస్య సెలవు మీద వచ్చింది. ఎండకు కమిలి, భుజాలు గట్టిపడి, తిండి దగ్గర కూర్చుంటే సగం వడ్డించేలోపే తినేసే మనిషైంది. హైమవతి ఆమె తలకు నూనె రాస్తూ, మాటవరసకు అడిగినట్టు అడిగింది, ఒకవేళ ముద్ర లేకుండా పోతే ఏమవుతుందని.

లాస్య తల తిప్పకుండానే చెప్పింది. "ముద్ర ఉందని మేం నిద్రపోతున్నామమ్మా. అది లేకపోతే అవతలివాడు ఏం చేస్తున్నాడో మాకు తెలీదు, మేమేం చేస్తున్నామో వాడికి తెలీదు. అలాంటప్పుడు ముందు కాల్చినవాడే బతుకుతాడు. మాకు నేర్పింది అదే." ఆ తర్వాత, "ఎందుకడిగావు?" అంది.

ఊరికే అంది హైమవతి. కూతురి జుట్టు సైన్యంలో కత్తిరించేశారు. జడ వెయ్యడానికి ఏమీ లేదు. అయినా నూనె రాస్తూనే ఉంది. ఆ సెలవు అయిపోయి లాస్య వెళ్లిపోయేదాకా ఆమె ఏమీ చెయ్యలేదు. ఆ తర్వాత కూడా, ఇంకో వారం చూద్దాం, ఇంకో మార్గం ఏదైనా దొరుకుతుందేమో అనుకుంటూ రోజులు జరిపింది. ఎర్రబడిన నాచును మాత్రమే చంపే వైరస్ కోసం ఇద్దరూ కూర్చుని ప్రయత్నించారు. ఒక్కటీ నిలవలేదు. తొలకరి దాటినా చినుకు లేదు, ఎండలు మండిపోతున్నాయి.

ఒక మధ్యాహ్నం పైడిరాజుకు ఊరినుంచి కబురొచ్చింది. సింహాచలం తను తవ్విన గోతిలోనే పడిపోయి ఉన్నాడు. పొద్దుటినుంచి ఎండలో మట్టి చెక్కుతూనే ఉన్నాడట. గౌరమ్మ అన్నం పట్టుకెళ్లి చూసేసరికి పార చేతిలోనే ఉంది, ప్రాణం లేదు. ఎత్తడానికి ఊరివాళ్లు రాలేదు. కొడుకులిద్దరూ, తల్లీ కలిసి మోసుకొచ్చారు.

కర్మకాండ అయ్యాక పైడిరాజు లంకకు వచ్చాడు. వచ్చినవాడు చొక్కా కూడా మార్చుకోకుండా ఆమె ముందు నిలబడ్డాడు.

"మీ తాళంచెవి ఇచ్చెయ్యండక్కా. మీకేటీ తెలీదని చెప్తాను. మీ మాట ఎక్కడా రానివ్వను."

ఆమె తాళంచెవి ఇవ్వలేదు. తనే లేచి ఫ్రీజరు దగ్గరికి నడిచింది.

మిట్టమధ్యాహ్నం, కాపలావాళ్లు భోజనాలకు వెళ్లిన వేళ, ఇద్దరూ ఆనకట్ట ఎగువన ఉన్న మెట్లు దిగారు. చూసేవాళ్లకు రోజూలాగే నమూనాలు తీసుకుంటున్నట్టుంది. సీసా అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. మూత హైమవతి తీసింది, పైడిరాజు ఒంపాడు. నీళ్ల మీద ఒక చిన్న బుడగ లేచి పగిలింది. అంతే. పైడిరాజు చేతులు కడుక్కుని, మెట్టు మీద కూర్చుని అప్పుడు ఏడ్చాడు. అన్న శవం దగ్గర కూడా అతను ఏడవలేదని తర్వాత చెప్పాడు. ఎడమగట్టు మీద లాస్య దళం జెండా కనిపిస్తోంది. హైమవతి అటు చూడకుండా ఉండడానికి ప్రయత్నించి, ఉండలేకపోయింది.

వాళ్లు ఒక పథకం అనుకున్నారు. ముద్ర చచ్చిపోతోందని తెలియగానే ప్రతివాడూ అవతలివాడే చేశాడంటాడు. అందుకని ఎవరి దేశానికి వాళ్లు వెళ్లి, ఒకే రోజున, ఇది మేమిద్దరం చేశాం, ఇందుకు చేశాం అని చెప్పాలి. రెండు దేశాలవాళ్లూ కలిసి చేసిన పనికి ఎవరు ఎవరి మీద యుద్ధానికి వెళతారు? లంక రేవులో పడవ ఎక్కేముందు పైడిరాజు ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఆమె వద్దని లేపి, భోంచేసి వెళ్లమంది. ఆకలి లేదని, పడవ కదిలిపోతుందని వెళ్లిపోయాడు.

హైమవతి రాజధానికి వెళ్లి ముకుందం ఎదుట మొత్తం చెప్పింది. అతను వింటూ ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆమె చెప్పిందంతా కెమెరా ముందు మళ్లీ చెప్పించుకున్నారు. ఇక దేశమంతా వింటుందని ఆమె అనుకుంది. ఆ వీడియో ఏ టీవీలోనూ రాలేదు. తీరసీమ గూఢచారి ఒకడు మన శాస్త్రవేత్తను మోసగించి ముద్రను చంపేశాడని ప్రకటన వచ్చింది. ఆమెను విచారణ లేకుండా కొండ మీది జైలుకు పంపారు.

అవతల పైడిరాజు చెప్పిందాన్ని మాత్రం టీవీలో చూపించారు, సగం. నేనే ఒంపాను అన్న మాట ఉంచి, ఎందుకు ఒంపానన్నది తీసేశారు. శత్రువుకు అమ్ముడుపోయిన ద్రోహి అన్నారు. విచారణ తొందరగా ముగించి ఉరి తీశారు. ఆ సంగతి హైమవతికి వార్డరు చెప్పింది. అన్నం పళ్లెం తోస్తూ, నీతో పనిచేసినవాడే కదా, వాణ్ని తీసేశారట అంది. అప్పటికి ఫిరంగుల మోత జైలు గోడలకు వినిపించడం మొదలై చాలా రోజులైంది. ఎవరు ముందు కాల్చారో ఎవరికీ తెలియదు.

యుద్ధం ఆ వానాకాలమంతా సాగింది. జంటగట్ల ఆనకట్ట ఇరువైపుల దెబ్బలకూ కూలింది. గిరిసీమ సైన్యం నది దాటి తీరసీమలోకి దిగింది. జైల్లో హైమవతికి తెలిసినవి ఇవే. ఎవరిని అడిగినా చెప్పనిది, ఆమె రోజూ తనలో తను ప్రశ్నించుకునేది, ఇంకొకటి ఉంది. పొలాల్లో ఆ మందు పనిచేసిందో లేదో. సీసాలో నిలిచిన వైరస్ బురదలో నిలుస్తుందని ఆమె దగ్గర రుజువు లేదు. ఒకసారి గాజును నమ్మి మోసపోయింది. ఇది కూడా అలాగే పోయి ఉంటే? పైడిరాజు ఉత్త పుణ్యానికే ఉరికంబం ఎక్కినట్టు. లాస్య ఉత్త పుణ్యానికే ఎక్కడో కందకంలో ఉన్నట్టు.

చలికాలం మొదట్లో ఒక రోజు ములాఖత్ ఉందని పిలిచారు. ఊచల అవతల లాస్య నిలబడి ఉంది. ఎడమకాలు తిన్నగా పడడం లేదు, చంకకర్ర ఉంది. హైమవతికి ముందు కనపడింది ఆమె ప్రాణంతో ఉందన్నదే. ఊచల మధ్యనుంచి చెయ్యి చాచితే లాస్య ఆ చెయ్యి పట్టుకుంది.

నువ్వు చేశావని మా ఆఫీసరు చెప్పాడు, నిజమేనా అని అడిగింది ఆఖరికి. నిజమేనంది తల్లి. నేను అడిగినప్పుడు ఊరికే అన్నావు, అంది లాస్య. తన దళంలో తిరిగివచ్చిన వాళ్లు ఎందరో, రానివాళ్లు ఎవరెవరో లాస్య చెప్పింది. వాళ్లలో కొందరి పేర్లు హైమవతికి తెలుసు. సెలవులకు లంకకు వచ్చి భోంచేసిన పిల్లలు.

పైడిరాజు మావయ్య నిజంగా డబ్బు తీసుకున్నాడా అని లాస్య గొంతు తగ్గించి అడిగింది. తీసుకోలేదంది తల్లి. వాళ్లన్న పొలం చచ్చిపోయిందని, అంతకు మించి ఏమీ లేదని చెప్పింది. లాస్య కర్ర ఒక చంకలోంచి మరో చంకలోకి మార్చుకుంది.

"మేం పోయింది ఆ వైపే," అంది. "కాలువ చివరి ఊళ్లు. నల్లమట్టి. ఊళ్ల పేర్లు తెలీదు, బోర్డులన్నీ పీకేశారు."

హైమవతి ఊచలు పట్టుకుంది.

"అక్కడ పొలాల్లో ఏమైనా మొలిచిందా?"

"మొలవడమేంటి, నడుము దాకా ఉంది. అంత పచ్చటి చేను నేను ఎక్కడా చూడలేదు." లాస్య నేలకేసి చూసింది. "అడ్డంగా ఉందన్నారు. అవతలివాడు అందులో పాక్కుంటూ వస్తే కనపడడని కోసెయ్యమన్నారు. రెండు రోజులు అదే పని మాకు. మైళ్ల కొద్దీ కోశాం."

హైమవతి కళ్లు మూసుకుంది. మొలిచింది. మొలిచి, ఎదిగింది. గోతిలో పారతో పడిపోయిన మనిషి, రేవులో అన్నం తినకుండా వెళ్లిపోయిన మనిషి, ఇద్దరూ ఆ మాట వినకుండానే పోయారు.

"గింజ పాలు పోసుకుందా?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా అవి," అంది లాస్య. తర్వాత తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "కోస్తుంటే వేళ్లకు తెల్లగా అంటుకుంది. జిగటగా. కడిగినా ఒక పట్టాన పోలేదు."

హైమవతి కూతురి చేతులు ఊచల్లోంచి తన దగ్గరికి లాక్కుంది. టైమైందని వార్డరు చెప్పింది. ఆమె వదల్లేదు. వార్డరు మళ్లీ చెప్పింది. లాస్య కూడా చేతులు వెనక్కి తీసుకోలేదు.